చేతజిక్కిన శత్రువు

యుద్ధమున శత్రువును గెలుచుట యొకపని. గెలిచి చేతజిక్కించుకొనిన శత్రువును ఏమి చేయవలెనన్నది వేఱొక పని. మొదటిదానికి బలమును సాహసమును చాలును. రెండవదానికి ధర్మబుద్ధి కావలెను. ఈ సంగతి మన పెద్దలకు క్రొత్తది కాదు. భాగవత ప్రథమస్కంధమును పురాణకాలక్షేపమున వినని తెలుగు గృహస్థు అరుదు. నిదురించుచున్న ఉపపాండవులను సంహరించిన అశ్వత్థామను అర్జునుడు పట్టి, పశువును గట్టినట్లు గట్టి, ద్రౌపది యెదుటికి దెచ్చెను. ఐదుగురు కొడుకులను పోగొట్టుకొనిన ఆ తల్లి అతనిని విడిచిపెట్టుడని వేడుకొనెను. భీముడు చంపవలెననెను. తుదకు శిరోజములు తఱిగి, శిరోమణిని తీసికొని, ప్రాణములతో వెడలగొట్టిరి. నేరము సామాన్యమైనది కాదు, నేరస్థుడు దొరకినాడు, కత్తి చేతనే యున్నది. అయినను చంపలేదు.

మనుధర్మశాస్త్రము సప్తమాధ్యాయమున రాజధర్మములను చెప్పుచు, చేతులు జోడించినవానిని, ఆయుధము లేనివానిని, కూర్చుండియున్నవానిని, నీవాడనని పలికినవానిని యుద్ధమున చంపరాదని విధించుచున్నది. ఇట్టి నియమము మన జాతికి మాత్రమే కలదని మేము చెప్పుట లేదు. నాగరికులమని చెప్పుకొను జాతులన్నియు ఏదోయొక రూపమున దీనిని అంగీకరించినవే. అయితే, కోపావేశమున నున్న సైనికుడు దీనిని తప్పినప్పుడు వానిని విచారించు భారము మరల వాని సైన్యముపైననే పడుచున్నది. తన బిడ్డ తప్పును తండ్రియే తీర్చవలసిన ఘట్టమది. అట్టి తీర్పు ఎంతవఱకు న్యాయము కాగలదో, ఎచ్చట ఆగిపోవునో తెలిసికొనుటకు ఆంగ్ల సామ్రాజ్య సైన్యమున 1901, 1902 సంవత్సరములలో జరిగిన యొక విచారణ చక్కని యుదాహరణము. దానిని నేడు పాఠకుల యెదుట నుంచుచున్నాము.

బోయరు యుద్ధము

దక్షిణాఫ్రికాలో ట్రాన్సువాలు, ఆరెంజి ఫ్రీస్టేటు అను రెండు చిన్న స్వతంత్ర రాజ్యములుండెడివి. వానినేలిన బోయరులు డచ్చి సంతతివారు; వ్యవసాయమును పశుపోషణమును వారి వృత్తులు. ట్రాన్సువాలులో బంగారుగనులు బయటపడినది మొదలు ఆ నేలపై సామ్రాజ్యవాదుల కన్ను పడెను. 1899 అక్టోబరులో యుద్ధము ప్రారంభమయ్యెను. 1900 జూనులో ప్రిటోరియా నగరము ఆంగ్లేయుల వశమైనను, బోయరులు లొంగక చిన్నచిన్న దండులుగా చీలి గుఱ్ఱములపై తిరుగుచు, రైలుమార్గములను ధ్వంసము చేయుచు పోరాడిరి. సర్వసేనాని లార్డు కిచ్చెనరు వారి పొలములను, గృహములను తగులబెట్టించి, స్త్రీలను, పిల్లలను నిర్బంధశిబిరములకు తరలించెను. ఆ శిబిరములలో 26 వేలకు పైగా బోయరు స్త్రీలును పిల్లలును వ్యాధులపాలై మరణించిరి. వేఱుగా నుంచబడిన ఆఫ్రికను ప్రజలలోను మరణించినవారు వేలకు వేలు. ఈ ఘోరమును 1901లో ఎమిలీ హాబ్‌హౌసు అను ఆంగ్లవనిత తన దేశమున వెల్లడించెను.

మన తెలుగువారికి ఈ యుద్ధముతో సంబంధము లేకపోలేదు. నేటాలు చెఱకుతోటలకు ఒడంబడిక కూలీలుగా ఓడలెక్కిపోయిన తెలుగువారు, తమిళులు అప్పటికే అచ్చట వేలకొలదిగా నుండిరి. గాయపడిన సైనికులను మోసికొనివచ్చుటకై గాంధీమహాత్ముడు 1899లో సమకూర్చిన 1,100 మంది దళమున సుమారు 800 మంది అట్టి కూలీలే. అంతియకాదు. పట్టువడిన బోయరులను వేలకొలదిగా భారతదేశమునకు పంపిరి. నాటి మద్రాసు రాజధానిలోని బళ్ళారియందును, తిరుచిరాపల్లియందును వారి శిబిరములు నెలకొల్పబడెను. చేతజిక్కినవారికి తిండిపెట్టి కావలికాయుట యుద్ధభూమిలో సాధ్యము కాదని వాదించువారికి బళ్ళారి శిబిరమే సమాధానము. సముద్రము దాటించి కాపాడగలిగిన సైన్యమునకు, పదిక్రోసుల దూరముననున్న ఠాణాకు చేర్చుట అసాధ్యము కానేరదు.

1899లో హేగు నగరమున పలు రాజ్యములు కూడి యుద్ధనియమములను వ్రాసికొనెను. ఆయుధము విడిచి లొంగినవానిని చంపరాదు. ఎవ్వరికిని ప్రాణభిక్ష లేదని ప్రకటింపరాదు. ఖైదీలను దయతో చూడవలెను. బ్రిటిషు ప్రభుత్వమును ఆ యొడంబడికలో చేరియుండెను.

విస్సరు మరణము

1901 ప్రారంభమున ట్రాన్సువాలు ఉత్తరభాగమందలి పీటర్సుబర్గు ప్రాంతమున బుష్‌వెల్టు కార్బినీర్సు అను అశ్వికదళము నెలకొల్పబడెను. కొండలు, అడవులు గల ఆ ప్రదేశమున తిరుగు బోయరు దండులను పట్టుట దాని పని. అందు ఆస్ట్రేలియానుండి వచ్చినవారు పలువురుండిరి. హారీ మొరాంటు అను లెఫ్టినెంటు ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు వలసపోయి, అచ్చట గుఱ్ఱములను మచ్చిక చేయుటయందును, పత్రికలకు పద్యములు వ్రాయుటయందును పేరుపడినవాడు. పీటరు హాండ్కాకు గుఱ్ఱములకు లాడములు కొట్టు వృత్తిలోనివాడు. జార్జి విట్టను విక్టోరియా ప్రాంతీయుడు.

1901 ఆగస్టు 6వ తేదీన వీరి కాప్టెను హంటు ఒక బోయరు గృహముపై రాత్రివేళ దాడి చేయబోయి మరణించెను. హంటు మొరాంటునకు ప్రాణస్నేహితుడు. అతని కళేబరమును శత్రువులు అవమానించిరన్న వార్త మొరాంటు చెవిని బడెను. అతడు ప్రతీకారమునకై బయలుదేఱెను. కొలదిదినములలో విస్సరను బోయరు యువకుడు కాలికి గాయమై నడువలేని స్థితిలో దొరకెను. హంటు దుస్తులు వానియొద్ద నున్నవని చెప్పుకొనిరి. ఆగస్టు 11వ తేదీన అధికారులు కొందఱు కూడి, విచారణయని పేరుపెట్టి కొంతసేపు మాటలాడి, వానిని బండిలోనుండి దింపి, కూర్చుండబెట్టి కాల్చిరి. పైని చెప్పిన మనుధర్మమును పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక.

ఆగస్టు 23వ తేదీన ఎలిం మిషను ఆసుపత్రి సమీపమున ఎనమండుగురు ఖైదీలను బాటప్రక్కన నిలిపి కాల్చి చంపిరి. త్రోవలో ఆ ఖైదీలతో మాటలాడిన హీసె అను క్రైస్తవ మతాచార్యుడు ఆనాడే హత్య కావింపబడెను. సెప్టెంబరు 7వ తేదీన లొంగిపోవుటకు వచ్చుచున్న ఇద్దరు పురుషులును, ఒక బాలుడును కాల్చబడిరి.

పదునేనుగురి లేఖ

ఈ సంగతులు శత్రువుల ఫిర్యాదువలన బయటపడినవి కావు. 1901 అక్టోబరు 4వ తేదీన ఆ దళమునందలి సామాన్య సైనికులు పదునేనుగురు చేవ్రాళ్లుచేసి, పీటర్సుబర్గు సేనాధికారికి లేఖ వ్రాసిరి. రాబర్టు కాక్రను అను సైనికుడు అందు ముఖ్యుడు. జరిగిన హత్యలను వరుసగా పేర్కొని, విచారణ జరుపుడని వారు కోరిరి. జూలై 2వ తేదీననే, అనగా హంటు మరణమునకు నెలదినములకు పైగా ముందే, లొంగిపోవుటకు వచ్చుచున్న ఆరుగురు బోయరులు కాల్చబడిరని గూడ వారు తెలిపిరి. స్నేహితుని మరణమువలన కలిగిన దుఃఖమే ఈ హత్యలకు కారణమను మాట దీనితో బలహీనమగుచున్నది. ప్రాణభిక్ష పెట్టని అలవాటు హంటు బ్రదికియుండగనే ఆ దళమున వేళ్లూనియుండెను.

ఆ లేఖ వ్రాసినవారు నిత్యము ఆ యధికారుల చేతిక్రింద నుండవలసినవారు. అడవిలో గస్తీకి పోయినప్పుడు తుపాకిగుండు ఎవరి దిక్కునుండి వచ్చినదో చెప్పలేము. బోయరులతో పోరాడుటకు వారు వెనుదీసినవారును గారు. వారిలో పలువురు ఆస్ట్రేలియావారే, నిందితుల స్వజాతివారే. దేశముపేర, దళముపేర నోరుమూసికొని యుండుట వారికి సులభము. అయినను చేవ్రాళ్లు చేసిరి. ఈ కథయందు మాకు మిక్కిలి గౌరవింపదగినవారుగా తోచువారు వీరు.

విచారణ

1902 జనవరి 16వ తేదీన పీటర్సుబర్గునందు సైనిక న్యాయసభ కూడెను. నిందితుల పక్షమున వాదించిన మేజరు థామసు న్యూసౌతువేల్సులోని యొక చిన్నయూరి సొలిసిటరు. సిద్ధపడుటకు ఆయనకు లభించిన వ్యవధి అత్యల్పము. కాల్చితిమని ముద్దాయిలు అంగీకరించిరి. ఖైదీలను తేవలదని కాప్టెను హంటు తమకు ఆజ్ఞ యిచ్చెననియు, ఆ యాజ్ఞ సర్వసేనాని కార్యాలయమునుండి వచ్చినదని అతడు చెప్పెననియు వారి ప్రతివాదము. ఏ నిబంధననుబట్టి విస్సరును విచారించితివని అడుగగా, తమ తుపాకి గొట్టపు కొలతనుబట్టి, 303వ నిబంధన క్రింద కాల్చితిమని మొరాంటు బదులుచెప్పినట్లు విట్టను తరువాత వ్రాసెను.

ఆజ్ఞ తెచ్చెనన్న హంటు మృతుడు. ఇచ్చెనన్న కిచ్చెనరు న్యాయసభకు రాలేదు. ఆయన కార్యదర్శి కర్నలు హామిల్టను వచ్చి, అట్టి యాజ్ఞను తాను హంటునకు తెలుపలేదని సాక్ష్యమిచ్చెను. అంతటితో ఆ మాట ముగిసెను. విచారణ సాగుచుండగా బోయరులు పీటర్సుబర్గుపై దాడిచేసినప్పుడు, ముద్దాయిలకే తుపాకులిచ్చి ఊరు కాపాడించుకొనిరనియు విట్టను వ్రాసియున్నాడు.

ఆ దినములలోనే వేఱొక సంగతి జరిగినది. గిడియను షేపర్సు అను బోయరు దండనాయకుడు 1901 అక్టోబరులో వ్యాధిగ్రస్తుడై ఆంగ్లేయులకు చిక్కెను. హత్యలు, గృహదహనములు చేసెనని వానిని సైనిక న్యాయసభలో విచారించి, 1902 జనవరి 18వ తేదీన కుర్చీకి కట్టి కాల్చి చంపిరి. మొరాంటు విచారణ ప్రారంభమై అప్పటికి రెండుదినములు. ఖైదీలను చంపినందులకు తన సైనికులను విచారించుచున్న సైన్యమే, అదే వారమున, రోగియైన ఖైదీని కుర్చీకి కట్టి కాల్చినది. ఒకదానికి న్యాయసభ ముద్ర కలదు, వేఱొకదానికి లేదు. ఆ భేదము అల్పమని మేమనము. కాని సామాన్య సైనికుడు తన పైవారివలన ఏమి నేర్చుకొనునో కూడ ఆలోచింపవలెను.

మతాచార్యుని హత్యకేసులో నిందితులు నిర్దోషులని తీర్పయ్యెను. ఆ హత్యను తానే చేసితినని హాండ్కాకు తనతో నొప్పుకొనెనని విట్టను 1929లో థామసునకు లేఖ వ్రాసెను. ఖైదీల హత్యలకై మొరాంటు, హాండ్కాకు, విట్టను మువ్వురికిని మరణశిక్ష విధింపబడెను. దయచూపవలసినదని న్యాయసభవారే సిఫారసు చేసిరి. కిచ్చెనరు విట్టను శిక్షను మాత్రము యావజ్జీవ కారాగారముగా మార్చెను. 1902 ఫిబ్రవరి 27వ తేదీ తెల్లవారుజామున ప్రిటోరియాలో మొరాంటు, హాండ్కాకులను కాల్చివేసిరి. ఆస్ట్రేలియా ప్రభుత్వమునకు ముందుగా ఒక్కమాటయైన తెలుపలేదు. జూలైనాటి ఆరుగురి హత్యకు ప్రేరకుడని నిందింపబడిన కాప్టెను టేలరు నిర్దోషిగా విడువబడెను. దళాధిపతి మేజరు లెనెహను మందలింపుతో బయటపడెను. విట్టను 1904లో విడుదలయై, సామ్రాజ్యమునకు తాము బలిపశువులమైతిమను అర్థము వచ్చు పేరుతో 1907లో గ్రంథము ప్రకటించెను. న్యాయసభ మూలపత్రములు నేటివఱకు దొరకలేదు. కిచ్చెనరు 1902లోనే భారతదేశమునకు సర్వసేనానియై వచ్చి, 1909 వఱకు ఇచ్చట నుండెను.

పాలేరును, యజమానుడును

ఆస్ట్రేలియాలో మొరాంటును సామ్రాజ్యదౌష్ట్యమునకు బలియైన వీరునిగా కొనియాడువారు నూఱేండ్లుగా నున్నారు. ఆయన కథ 1980లో చలనచిత్రముగా వెలువడి ప్రసిద్ధి చెందెను. శిక్షను రద్దుచేయవలెనని సమర్పింపబడిన విన్నపమును బ్రిటిషు ప్రభుత్వము 2010లో తిరస్కరించెను. మఱికొందఱు, నేరము చేసిరి, శిక్ష పడెను, న్యాయము జరిగెనని యూరకుందురు. ఈ రెండు పక్షములతోను మేము ఏకీభవింపజాలము.

మన గ్రామములలో జరుగునదే చూడుడు. పొలముగట్టు తగవున పాలేండ్లు కఱ్ఱలతో పోయి ఎదుటివాని తలపగులగొట్టుదురు. పోలీసులు వచ్చి పాలేండ్లను పట్టుకొనిపోదురు. వారు కొట్టినది నిజము. శిక్ష పడుటయు న్యాయమే. ఆ కఱ్ఱలు ఎవరి యింటినుండి వచ్చినవి? ముందునాటి రాత్రి అరుగుమీద కూర్చుండి, ఈసారి వానిని వదలవలదని పలికినదెవరు? ఆ మాట కాగితముమీద లేదు. సాక్షి లేడు. యజమానుడు నాడు పట్టణమున నుండెనని పదిమంది చెప్పుదురు. పాలేరు జైలుకు, యజమానుడు ఇంటికి. ఇట్టి కేసులను మన పాఠకులలో పలువురు ఎఱుగుదురు; కొందఱు మిక్కిలి సన్నిహితముగా నెఱుగుదురు. పాలేరును విడిచిపెట్టుమని ధర్మము చెప్పదు. పాలేరుతో విచారణ ముగిసినదనియు ధర్మము చెప్పదు.

మొరాంటు విషయమును ఇట్టిదే. ఖైదీలను చంపుడని కిచ్చెనరు నోటితో చెప్పెనా, లేదా యన్నది నిర్ణయింపజాలము. అయినను ఆజ్ఞ నిజమే యనుకొందము. గాయపడి కూర్చుండియున్నవానిని కాల్చుమను ఆజ్ఞ ఏ మనుష్యుని చెవికైనను అధర్మముగా వినబడవలసినదే. ఆ పదునేనుగురి చెవులకు వినబడినది గదా! వారును ఆ దళమునందలివారే. విద్యయందును, హోదాయందును మొరాంటుకంటె తక్కువవారే. కావున మొరాంటు దోషియే. కాని గ్రామములను తగులబెట్టించి, తల్లులను బిడ్డలను శిబిరములలో చావనిచ్చిన యుద్ధవిధానమునకు కర్తలైనవారిని ప్రశ్నించు అధికారము ఆ న్యాయసభకు లేకుండెను. పైమెట్టుమీదివాడు క్రిందిమెట్టువానిని విచారించు పద్ధతిలో పైమెట్టు ఎన్నడును విచారణకు రాదు.

కొయ్యూరు

న్యాయము సగమైనను జరిగినదని దక్షిణాఫ్రికా విషయమున చెప్పుకొనవచ్చును. అదే సామ్రాజ్యము మన మన్యమున సగమైనను జరుపలేదు. ఇరువదిరెండేండ్ల తరువాత, 1924 మే 7వ తేదీన, అల్లూరి సీతారామరాజు పట్టువడి కొయ్యూరునకు తేబడెను. విచారణ లేదు; న్యాయసభ లేదు. మేజరు గుడాలు చేతిలో నుండగా కాల్చి చంపబడెను. పాఱిపోజూచినందున కాల్చితిమని దొరతనమువారు ప్రకటించిరి. చెట్టునకు గట్టి కాల్చిరని మన్యపు ప్రజలు చెప్పిరి. ఆంధ్రదేశమంతయు ఆ మాటనే నమ్మినది. రామరాజు ఆయుధము పట్టినవాడే, ఠాణాలపై బడినవాడే. దొరతనమువారి దృష్టిలో నేరస్థుడైనచో విచారించి శిక్షించుటకు వారికి కోర్టులు కొఱతలేదు. చేతజిక్కినవానిని చంపినందులకు ఏ సైనికాధికారియు న్యాయస్థానమెదుట నిలువలేదు. విస్సరు పక్షమున మాటలాడుటకు శత్రుసైన్యమున పదునేనుగురు దొరకిరి. కొయ్యూరులో అట్టివాడొక్కడును దొరకలేదు.

నూఱేండ్ల తరువాత

ఇవి గతించిన సామ్రాజ్యకాలపు ముచ్చటలని కొందఱనుకొందురు. 1949లో జెనీవా నగరమున యుద్ధఖైదీల రక్షణకై విపులమైన నిబంధనలు వ్రాయబడెను. ఖైదీని హింసింపరాదు, అవమానింపరాదు, జనులకు చోద్యముగా చూపరాదు. అయినను 2004లో ఇరాకు దేశపు అబూగ్రెయిబు కారాగారమునుండి బయటపడిన ఛాయాచిత్రములను లోకమంతయు చూచినది. అమెరికా సైనికులు ఖైదీలను వివస్త్రులనుజేసి, కుక్కలతో బెదరించి, నవ్వుచు ఫొటోలు తీసికొనిరి. అచ్చటను రహస్యమును వెల్లడించినవాడు ఆ దళమునందలి సామాన్య సైనికుడే. విచారణలలో పదునొకండుగురు సైనికులు శిక్షింపబడిరి. వారిలో నొకనికి పదేండ్ల కారాగారము. వారందఱును చిన్న హోదాలవారు. ఒక బ్రిగేడియరు జనరలు హోదా తగ్గింపబడెను; ఒక కర్నలు జరిమానాతో పోయెను. ఖైదీలను ప్రశ్నించుటకు కఠినపద్ధతులను అనుమతించి కాగితములపై చేవ్రాళ్లు చేసిన పెద్దలెవ్వరును ముద్దాయిల బోనెక్కలేదు.

మొరాంటును వీరునిగా పాడుకొనిన ఆస్ట్రేలియాకు 2020 నవంబరులో మఱియొక పరీక్ష వచ్చెను. ఆఫ్గనిస్థానమున తమ ప్రత్యేకదళములవారు చేసిన పనులను న్యాయమూర్తి బ్రెరిటను నాలుగేండ్లు విచారించి నివేదిక సమర్పించెను. చేతజిక్కినవారిని, సామాన్య ప్రజలను కలిపి 39 మందిని అన్యాయముగా చంపినట్లు నమ్మదగిన సమాచారము కలదనియు, 25 మంది సైనికులకు ఆ హత్యలతో సంబంధము కలదనియు ఆ నివేదిక తెలిపెను. సేనాధిపతి ఆఫ్గను ప్రజలకు క్షమాపణ చెప్పెను. స్వదేశీయుల దోషమును స్వదేశీయులే వెదకి ప్రకటించిన పని గనుక దీనిని మేము మెచ్చుకొనుచున్నాము. అయినను ఆ నివేదికలోను నేరబాధ్యత చిన్న దళనాయకుల మెట్టుననే చాలవఱకు ఆగినది. పైయధికారులకు నైతికబాధ్యత మాత్రము చెప్పబడినది. నూఱేండ్ల క్రిందటి మెట్టు నేటికిని అచ్చటనే యున్నది.

మన విధి

మనదేశము జెనీవా ఒడంబడికలను 1950లో అంగీకరించి, 1960లో శాసనము చేసికొన్నది. 1971 యుద్ధమున ఢాకాలో లొంగిపోయిన పాకిస్థాను సైనికులు, తదితరులు కలిసి సుమారు 93 వేలమంది మన చేతజిక్కిరి. వారిని శిబిరములలో నుంచి పోషించి, 1974 నాటికి స్వదేశమునకు పంపితిమి. అంతకుముందు తూర్పువంగమున పాకిస్థాను సైన్యము చేసిన ఘోరములు విని మన జనుల రక్తము ఉడికిపోవుచుండిన కాలమది. ఆ సమయమున మన సైన్యము తన నిగ్రహమువలన దేశమునకు తెచ్చిన గౌరవము ఢాకా విజయమునకంటె తక్కువైనది కాదు. దీనిని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును.

గర్వముతోపాటు జాగ్రత్తయు కావలెను. జాతీయవాదులమైన మేము ఈ మాటను మా పక్షమువారికే ముందుగా చెప్పుచున్నాము. మన సైనికునిపై గాని, మన పోలీసుపై గాని చేతజిక్కినవానిని చంపెనను ఆరోపణ వచ్చినప్పుడు, విచారణ కోరినవానిని దేశద్రోహియనుట మన పట్టణములలోను, పల్లెటూళ్ల రచ్చబండలకడను పరిపాటియగుచున్నది. చచ్చినవాడు దుర్మార్గుడు గదా, వానికి విచారణ యెందుకని పెద్దమనుష్యులే యందురు. కొయ్యూరులో దొరతనమువారు అనుకొనినదియు ఇదియే. రామరాజునకు జరిగినదానిని అన్యాయమని నమ్మువారు, తమకు గిట్టనివాడు అదేవిధముగా చచ్చినప్పుడు సంతోషించుట పొసగదు. ఒక తూనికఱాయి మనవారికి, ఒక తూనికఱాయి పరులకు పెట్టుకొనిన అంగడివాని యొద్ద మనము బియ్యము కొనము.

మేము కోరునవి మూడు. సైన్యమునకు సంబంధించిన ఇట్టి విచారణలు ఆ సైన్యపు పైయధికారుల యిష్టానిష్టములకు లోబడక, న్యాయశాస్త్రము తెలిసిన స్వతంత్రులచే జరుగవలెను. విచారణ కాల్చినవానితో ఆగక, ఆ పనికి మాటచేతగాని, మౌనముచేతగాని తోడ్పడిన పైవాని వఱకు ఎక్కవలెను. దళములోపలినుండి నిజము చెప్పుటకు వచ్చిన సైనికునికి రక్షణ కల్పింపవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును కాగితములకే పరిమితములగును. ఏలయన, అడవిలో జరిగినది అడవిలోనున్నవానికే తెలియును.

మొరాంటు పేర పాటలు గలవు, గ్రంథములు గలవు. పీటర్సుబర్గులో ఆ లేఖపై చేవ్రాళ్లు చేసిన పదునేనుగురి పేర పాటలు కట్టినవారిని మేమెఱుగము. యుద్ధము ముగియగానే వారు ఇండ్లకు పోయి తమ తమ వృత్తులలో మునిగిరి. ఇట్టివారు ప్రతి సైన్యమునను, ప్రతి ఠాణాలోను ఒకరిద్దరైన నుందురు. రేపు అట్టివాడొకడు మన జిల్లాలోని యే గ్రామమునకో సెలవుపై వచ్చి, తాను చూచినది చెప్పినప్పుడు, మనము వానిని వెలివేయుదుమో, కూర్చుండబెట్టి విందుమో ఇప్పుడే నిశ్చయించుకొనుట మంచిది.